బుడిపెలన్నీ తెగులు కావు

సేద్యం సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

శనగ పూతకు వచ్చే ఈ రోజుల్లో మాకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా వేళ్ళ గురించే ఉన్నాయి. ఆకుమచ్చ గురించో, కాయతొలుచు పురుగు గురించో అడిగే రైతులు మొక్కను తీసి, వేరు చూసి మరీ రాయడం మంచి మార్పేనని నాకు అనిపించింది. అందుచేత ఈ నెల మిగిలిన ప్రశ్నలను పక్కన ఉంచి, మొక్కల వేళ్ళతో కలిసి బతికే సూక్ష్మజీవులకు సంబంధించిన వాటికే సమాధానాలు ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాము.

ప్రశ్న: నల్లరేగడిలో ఆరు ఎకరాలు శనగ వేశాము. రకం జె.జి. 11. విత్తనానికి రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) పట్టించాము. నలభై రోజుల పైరును పీకి చూస్తే కొన్ని మొక్కల వేళ్ళకు బుడిపెలు ఉన్నాయి, కొన్నింటికి అసలు లేవు. ఉన్నవాటిలోనూ కొన్ని తెల్లగా, కొన్ని ఎర్రగా కనిపించాయి. ఎరువుల దుకాణంలో చెబితే ఇది నులిపురుగు అని, గుళికలు చల్లమని అన్నారు. చల్లమంటారా?
(ఒక రైతు, మద్దిపాడు)

జవాబు: చల్లవద్దు. దుకాణదారుది పూర్తిగా తప్పని కూడా అనలేను, ఎందుకంటే ఆయన వేరు చూడలేదు, మీ మాట మాత్రమే విన్నారు. మేలు చేసే బాక్టీరియా కాపురం ఉండే గూటినీ, నులిపురుగు వల్ల వేరు వాచిన చోటునూ మనం ఒకే మాటతో ‘వేరు బుడిపె’ అంటున్నాము గనుక ఈ పొరపాటు ప్రతి ఏడూ జరుగుతూనే ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూస్తే రెండింటికీ తేడా తెలిసిపోతుంది. రైజోబియం బుడిపె వేరుకు ఒక పక్కన అతికించినట్టు ఉంటుంది. బొటనవేలితో నెడితే ఊడి వస్తుంది, వేరు మాత్రం అలాగే ఉంటుంది. నులిపురుగు వల్ల వచ్చిన బుడిపె వేరే ఉబ్బడం వల్ల ఏర్పడుతుంది, కాబట్టి దాన్ని తీయాలంటే వేరును తుంచక తప్పదు. మినుము, పెసర, వేరుశనగ బుడిపెలు ఆవగింజలాగానో మిరియంలాగానో గుండ్రంగా ఉంటాయి గాని, శనగ బుడిపె కొస భాగంలో పెరుగుతూ, పాయలుగా చీలి, విసనకర్రలా పరుచుకుంటుంది. మినుము బుడిపెలు చూసి అలవాటు పడిన కన్నుకు ఈ ఆకారం జబ్బులాగా తోచడం సహజమే.

ఇక కొన్ని మొక్కలకు బుడిపెలు అసలు లేవన్న మాట నేను అప్పుడే ఒప్పుకోను, ఎందుకంటే మీరు మొక్కను పీకి చూశామని రాశారు. ఆరుతున్న నల్లరేగడి వేరును ఎంత గట్టిగా పట్టుకుంటుందో మీకు చెప్పనక్కర లేదు. మొక్కను పైకి లాగితే తల్లివేరు వస్తుంది, పిల్లవేళ్ళూ వాటిని అంటిపెట్టుకున్న బుడిపెలూ మట్టిలోనే తెగి ఉండిపోతాయి. మొక్కకు జానెడు దూరంలో నాలుగు వైపులా గునపం దించి, మట్టిగడ్డతో సహా పెళ్ళగించి, బకెట్ నీళ్ళలో ఒక గంట నానబెట్టండి. మట్టి తనంతట తాను విడిపోయాక వేరును మెల్లగా ఆడించి చూడండి. చేలో ఒక మూల కాకుండా పది చోట్ల ఇలా చూస్తేనే ఏదైనా తేల్చి చెప్పవచ్చు.

బుడిపెను గోరుతో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు గాని ఎరుపు గాని ఉంటే అది పని చేస్తోందన్నమాట. ఆ ఎరుపు మన నెత్తురులోని ఎరుపుకు దగ్గరి చుట్టమే. జపాన్ శాస్త్రవేత్త కుబో 1939లో అది హీమోగ్లోబిన్ జాతికి చెందిన పదార్థమని గుర్తించారు. ఇప్పుడు దాన్ని లెగ్‌హీమోగ్లోబిన్ అంటున్నాము. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా, ఆ అణువులోని రెండు పరమాణువులను మూడు బంధాలు పెనవేసి ఉంచడం వల్ల మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. యూరియా కర్మాగారానికి కావలసిన అమ్మోనియా తయారు చేయాలంటే దాదాపు 400 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లు మించిన ఒత్తిడి కావాలి. అదే పనిని బుడిపెలోని బాక్టీరియా నైట్రోజినేజ్ అనే ఎంజైముతో మామూలు నేల వేడిలోనే చేస్తుంది. అయితే ఆ ఎంజైముకు ప్రాణవాయువు సోకితే అది పనికిరాకుండా పోతుంది, ప్రాణవాయువు లేకపోతే బాక్టీరియా బతకదు. ఈ ఇరకాటాన్ని తీర్చేది ఆ ఎర్రటి పదార్థమే: ప్రాణవాయువును పట్టి ఉంచి, బాక్టీరియా ఊపిరికి సరిపడినంత మాత్రమే అందిస్తుంది. కనుక ఎరుపు లేని బుడిపెలో నత్రజని పని జరగడం లేదని ధైర్యంగా చెప్పవచ్చు.

తెల్లటి బుడిపెలన్నీ సోమరివి కావు. కొత్తగా పుట్టినవి కొంతకాలం తెల్లగానే ఉంటాయి. గింజ కట్టే దశలో ఎర్రనివి కూడా ఆకుపచ్చగా, ఆపైన గోధుమ రంగుకు మారి కుళ్ళిపోతాయి, అప్పుడు కంగారు పడనక్కర లేదు. నలభై రోజుల పైరులో మాత్రం పెద్ద బుడిపెలు చాలావరకు లోపల కూడా తెల్లగా ఉంటే, మీరు యూరియా ఎంత వేశారని అడగవలసి ఉంటుంది. నేలలో నత్రజని సులభంగా దొరికినప్పుడు మొక్క బాక్టీరియాను మేపదు. బుడిపెలను పోషించడం మొక్కకు ఊరకే అయ్యే పని కాదు: ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి, ఆ శక్తి అంతా ఆకులో తయారైన చక్కెర నుంచే రావాలి. ఎకరానికి 8 కిలోల నత్రజని, అంటే రమారమి ఒక డీఏపీ బస్తాలో ఉన్నంత, మొదట్లో వేస్తే చాలు. ఆపైన వేసే యూరియా బుడిపెలకు సెలవు ఇచ్చినట్టే.

మొక్క తన వాటాదారుల లెక్క చూసుకుంటుందని చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. 2003లో కొందరు పరిశోధకులు సోయాచిక్కుడు వేళ్ళలో కొన్ని బుడిపెల చుట్టూ ఉన్న గాలిలో నత్రజని తీసివేసి, దాని స్థానంలో ఆర్గాన్ వాయువు నింపారు. బాక్టీరియా పని చేద్దామన్నా చేయడానికి సరుకు లేదు. అలాంటి బుడిపెలకు మొక్క ప్రాణవాయువు సరఫరా తగ్గించిందనీ, వాటిలో బాక్టీరియా సగానికి సగం తక్కువగా పెరిగిందనీ తేలింది. మీ చేలో ఒకే వేరు మీద ఎర్రనివీ తెల్లనివీ పక్కపక్కనే కనిపించడానికి ఇలాంటి ఎంపిక కూడా ఒక కారణం కావచ్చు.

మరొక మాట. మీ ప్రాంతంలో ఏళ్ళ తరబడి శనగ పండిన నల్లరేగడిలో ఆ పంటకు సరిపడే బాక్టీరియా ఇప్పటికే కాపురం ఉంటుంది. పొట్లంతో వచ్చిన కొత్త బాక్టీరియా, నేలలో పాతుకుపోయిన దానితో పోటీపడి వేరులో చోటు సంపాదించడం చాలాసార్లు కష్టమే. అందువల్ల పట్టించిన చేనుకూ పట్టించని చేనుకూ తేడా కనిపించకపోతే మందు నకిలీదని వెంటనే తీర్మానించవద్దు. ఈ మాట పొట్లాలు అమ్మేవారికి నచ్చదని నాకు తెలుసు.

ప్రశ్న: తరతరాలుగా పొగాకు వేసిన నేలలో ఈ ఏడు తొలిసారి శనగ వేద్దామనుకుంటున్నాము. పోయిన ఏడు మినుముకు కొన్న రైజోబియం పొట్లాలు రెండు మిగిలి ఉన్నాయి. అవి వాడుకోవచ్చా? ఎకరానికి ఎంత కావాలి?
(కొండపి)

జవాబు: వాడుకోకూడదు, దానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, రైజోబియం అనేది ఒక్క జీవి పేరు కాదు. మినుము, పెసర, కంది, అలసంద, వేరుశనగ వేళ్ళలో చేరేది నెమ్మదిగా పెరిగే బ్రాడీరైజోబియం జాతి. శనగకు మీసోరైజోబియం అనే వేరే జాతి కావాలి. వేరు తన చుట్టూ ఉన్న మట్టిలోకి కొన్ని రసాయనాలు వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన బాక్టీరియా తన వైపు నుంచి మరొక రసాయనంతో బదులు ఇస్తుంది. ఆ బదులు సరిపోయినప్పుడే వేరు నూగు వంపు తిరిగి బాక్టీరియాను లోపలికి రానిస్తుంది. మినుముకు వచ్చే బాక్టీరియా బదులు శనగకు అర్థం కాదు. రెండవది, పోయిన ఏడు కొన్న పొట్లంలో ఇప్పటికి ప్రాణంతో ఉన్నది ఎంతో ఎవరూ చెప్పలేరు. పొడి రూపంలో ఉన్న కల్చర్‌లో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికి ఉన్న కణాలు ఉండాలని ప్రభుత్వ ప్రమాణం. తయారీ తేదీ, గడువు తేదీ చూడకుండా కొంటే మీరు కొన్నది నల్లటి బొగ్గుపొడి మాత్రమే కావచ్చు.

అయితే మీకు పొట్లం కచ్చితంగా అవసరం. మద్దిపాడు రైతుకు చెప్పిన మాట మీకు వర్తించదు. శనగ ఎన్నడూ వేయని నేలలో దానికి తగిన బాక్టీరియా ఉండకపోవచ్చు. 200 గ్రాముల పొట్లం 8 నుంచి 10 కిలోల విత్తనానికి సరిపోతుంది కనుక, ఎకరానికి 25 నుంచి 30 కిలోల విత్తనం వేసేవారికి మూడు పొట్లాలు కావాలి. నీళ్ళలో పదో వంతు బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చిన పాకంలో పొడి కలిపి, విత్తనాల మీద చల్లి, పొట్టు ఊడకుండా చేతులతో పైపైన కలపండి. గింజగింజకూ పలుచని నల్లటి పూత పట్టాక గోనెపట్టా మీద నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. శిలీంధ్రనాశిని, పురుగుమందు కూడా పట్టించేవారైతే ముందు శిలీంధ్రనాశిని, ఆరిన తరువాత పురుగుమందు, అన్నింటికన్నా చివర రైజోబియం. ఈ వరుస తప్పితే పొట్లం ఖర్చు దండగ. పూత పట్టించిన గింజను ఎరువుతో ఒకే గొట్టంలో కలిపి వేయకండి.

నా అనుభవం ఒకటి చెబితే మీకు పనికొస్తుంది. కొన్నేళ్ళ క్రితం మా కొత్త చేనుకు మినుము పొట్లాలు కొని, మోటారు సైకిల్ డిక్కీలో పెట్టి, పట్నంలో ఇతర పనులు చూసుకుని సాయంత్రానికి ఊరు చేరాను. డిక్కీలో చెయ్యి పెడితే పొట్లం కాలుతున్న పెనంలా ఉంది. అయినా కొన్నాం కదా అని పట్టించి వేశాము. ఆ చేలో నెల రోజుల మొక్కకు రెండు మూడు బుడిపెలు కూడా కట్టలేదు. 40 డిగ్రీలు దాటిన వేడిని ఈ బాక్టీరియా తట్టుకోలేదని అంతకు ముందు నేనే రెండు మూడు సభల్లో చెప్పి ఉన్నాను.

ప్రశ్న: వేరుశనగ వేళ్ళకు బుడిపెలు బాగానే ఉన్నాయి, లోపల ఎర్రగానే ఉన్నాయి. అయినా పైరు పసుపు రంగుకు తిరిగింది. నత్రజని చాలలేదా?
(కావలి దగ్గర ఒక గ్రామం)

జవాబు: ఏ ఆకులు పసుపు రంగుకు తిరిగాయో మీరు రాయలేదు. కింది ముదురు ఆకులు పసుపు రంగుకు తిరిగితే నత్రజని లోపం అనుకోవచ్చు. పైన లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం, సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో తరచుగా వస్తుంది. బుడిపెలు ఎర్రగా ఉన్నాయి గనుక రెండవదే అయి ఉంటుందని నా అంచనా. అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేసే మోతాదు మీ రైతు సేవా కేంద్రంలో చెబుతారు.

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఇసుక నేలలో మాకు సరుగుడు తోట ఉంది. నాలుగేళ్ళ చెట్లు నరికి మొద్దులు తవ్వుతుంటే వేళ్ళకు అల్లం కొమ్ముల్లాంటి గట్టి ముద్దలు కనిపించాయి. కొన్ని నిమ్మకాయంత ఉన్నాయి. వాటి మీద సన్నటి వేళ్ళు పైకి నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఇది వేరుకు పట్టిన పుట్టకురుపు అని కూలీలు అంటున్నారు. కొత్త మొక్కలు అదే నేలలో నాటవచ్చా?
(కొత్తపట్నం)

జవాబు: నిస్సందేహంగా నాటవచ్చు. మీరు చూసినది కురుపు కాదు, ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండే ఇల్లు. పప్పుజాతికి చెందని చెట్టు కూడా గాలిలోని నత్రజనిని వాడుకోగలదనడానికి మన తీరంలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు. రైజోబియంకూ దీనికీ దగ్గరి బంధుత్వం లేదు. ఇది సన్నటి దారాల్లా పెరిగే బాక్టీరియా. శనగ బుడిపె ఒక పంట కాలంలో పుట్టి పోతుంది, సరుగుడు ముద్ద మాత్రం ఏడాదికేడాది కొత్త పాయలు వేసుకుంటూ, కట్టెలా గట్టిపడుతూ, చెట్టుతోపాటు పెరుగుతుంది. దాని మీద నిక్కబొడుచుకున్న సన్నటి వేళ్ళు మీ చూపుకు తగిలినందుకు సంతోషం. వేరు కిందికి పోవాలన్న నియమాన్ని ఆ చిన్న వేళ్ళు పాటించవు, ముద్దలోకి గాలి చేరడానికి అవి తోడ్పడతాయని భావిస్తున్నారు.

ఉప్పుగాలి, నీరు నిలవని ఇసుక, మరొక మొక్క తట్టుకోలేనంత బలహీనమైన నేల. ఇన్ని ఉన్నా సరుగుడు అక్కడ నిటారుగా ఎదగడానికి ఈ ముద్దలదే పెద్ద చెయ్యి. రైజోబియంను 1888లోనే వేరుచేసి పెంచగలిగారు గాని, ఫ్రాంకియాను ప్రయోగశాలలో మొదటిసారి పెంచగలిగింది 1978లో మాత్రమే, అది కూడా అమెరికాలో వేరొక పొద నుంచి తీసినది. అంత మొండిది కాబట్టి దాని పొట్లాలు రైజోబియంలాగా ప్రతి దుకాణంలో దొరకవు.

మీరు చేయవలసినది చాలా సులభం. మొద్దులతో పాటు ఆ ముద్దలను కాల్చివేయకుండా, ఆరోగ్యంగా ఉన్న చెట్ల నుంచి తాజాగా తీసిన వాటిని కడిగి, దంచి, నారుమడి మట్టిలో కలపండి, లేదా నీళ్ళలో కలిపి సంచుల్లోని మొక్కల మొదట్లో పోయండి. పాత సరుగుడు తోటలో చెట్ల కింది మట్టి ఒక గంపెడు తెచ్చి కలిపినా పని జరుగుతుంది. అయితే ఎండు తెగులు సోకిన తోట మట్టి తెస్తే తెగులు కూడా వెంట వస్తుంది. ఆ జాగ్రత్త తప్పనిసరి. ఇప్పుడు ఎక్కువగా కొనే క్లోన్ మొక్కలు మట్టి లేకుండా కొబ్బరి పొట్టులో వేళ్ళు పోసుకున్నవి గనుక, వాటికి ఫ్రాంకియా అంది ఉంటుందని అనుకోవడానికి వీలు లేదు. కొనేటప్పుడు ఒక మొక్క వేరు విప్పి చూడండి.

ప్రశ్న: మా నిమ్మతోట వయసు తొమ్మిదేళ్ళు. వేళ్ళకు మేలు చేసే బూజు అని చెప్పి ‘వ్యామ్’ పొడి బస్తాలు అమ్ముతున్నారు. చెట్టు చుట్టూ చల్లి నీళ్ళు పెడితే ఎరువు సగానికి తగ్గించవచ్చు అంటున్నారు. నిజమేనా?
(ఒక మహిళా రైతు, పొదలకూరు మండలం)

జవాబు: అమ్మా, పొడి గురించి వారు చెప్పిన శాస్త్రం నిజం, చల్లమని చెప్పిన పద్ధతి వృథా.

నిమ్మ, బత్తాయి జాతి చెట్లకు వేరు నూగు తక్కువ. ఆ లోటును తీర్చేది మైకోరైజా అనే బూజు, వ్యామ్ పొడిలో ఉండేది అదే. భాస్వరం నేలలో కదలని పోషకం. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తాగేశాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, దాని అవతల ఉన్న భాస్వరం దానంతట అది వేరు దగ్గరకు రాదు. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని బూజు దారాలు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం పోయి భాస్వరాన్ని, జింకును తెచ్చి, వేరు కణాల లోపల చిన్న చెట్టు కొమ్మల్లా చీలిన చోట చెట్టుకు అప్పగించి, బదులుగా చక్కెరనూ కొవ్వునూ తీసుకుంటాయి. నిమ్మజాతికి ఇది ఎంత అవసరమో అమెరికాలో అనుకోకుండా బయటపడింది. అక్కడ నారుమళ్ళలో తెగుళ్ళు రాకుండా మట్టికి విషవాయువు పట్టించేవారు. తెగులు పోయింది గాని నారు గిడసబారిపోయింది, ఎరువులు వేసినా కోలుకోలేదు. మట్టిలోని మైకోరైజా కూడా చచ్చిపోవడమే దానికి కారణమని 1972లో నిరూపించారు.

కానీ మీ తోట తొమ్మిదేళ్ళది. ఇంతకాలం కాపు ఇస్తున్న చెట్ల వేళ్ళలో మీ నేలలో సహజంగా ఉన్న బూజు ఈపాటికి చేరే ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన పొడి లేత వేరుకు తగిలితేనే మొలకెత్తి లోపలికి పోతుంది; నేల పైన చల్లితే ఎండకు మాడిపోతుంది. ఈ బూజు బతికి ఉన్న వేరు లేకుండా తనంతట తాను పెరగలేదు. అందుకే దాన్ని రైజోబియంలాగా పీపాల్లో పెంచలేరు, మొక్కజొన్న వంటి మొక్కల వేళ్ళ మీద కుండీల్లో పెంచి, ఆ మట్టినీ వేరు ముక్కలనూ పొడి చేసి అమ్ముతారు. అంత శ్రమతో తయారైన సరుకును చెట్ల కింద వెదజల్లడం మంచిది కాదు. మీరు చనిపోయిన చెట్ల స్థానంలో కొత్త మొక్కలు నాటుతుంటే, గుంతలో వేరు ముద్దకు తగిలేలా గుప్పెడు వేయండి. నారు పోసేవారైతే విత్తనం కింద పలుచని పొరగా వేయండి. అక్కడ దాని ఖరీదు తిరిగి వస్తుంది.

పాత చెట్లకు మీరు చేయగలిగిన మేలు ఉన్న బూజును చంపకుండా ఉండడమే. ఏటేటా డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ అలవాటుగా వేస్తుంటే నేలలో భాస్వరం పేరుకుంటుంది, అది సులభంగా దొరికితే చెట్టు బూజును దూరం పెడుతుంది. గజ్జి తెగులుకు కొట్టే రాగి మందులు ఆకుల మీద నుంచి జారి ఏళ్ళ తరబడి నేలలో చేరినా బూజుకు హాని. ఎరువు సగానికి తగ్గించే ముందు భూసార పరీక్ష చేయించి, భాస్వరం ‘అధికం’ అని వస్తే నిర్భయంగా మానేయండి; దానికి వ్యామ్ బస్తాతో పని లేదు.

ప్రశ్న: మొదటి పంట వరిలో అజొల్లా వేస్తే మడి అంతా పచ్చగా పరుచుకుంది. అదే అజొల్లా ఎడగారులో (వేసవిలో నాటే రెండో పంటలో) ఎర్రబడి వారంలో చచ్చిపోయింది. డబ్బు దండగైందా? అజోస్పైరిల్లం బాక్టీరియా వేస్తే యూరియా పూర్తిగా మానేయవచ్చా?
(కోవూరు)

జవాబు: అజొల్లా చచ్చిపోయినందుకు బాధపడకండి, వరికి అది ఎరువు అయ్యేది చచ్చిన తరువాతే. ఈ నీటి ఫెర్న్ ఆకులోపల చిన్న గది ఉంటుంది, అందులో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు నివసిస్తూ గాలిలోని నత్రజనిని పట్టి అజొల్లాకు ఇస్తుంది. శనగ ప్రతి తరంలోనూ తన బాక్టీరియాను మట్టిలో కొత్తగా వెతుక్కోవాలి. అజొల్లాకు ఆ అవసరం లేదు, తల్లి తన సిద్ధబీజంతో పాటే నాచును పిల్లకు అప్పగిస్తుంది. ఆ నత్రజనిలో అధిక భాగం అజొల్లా ఒంట్లోనే ఉంటుంది, అది కుళ్ళి మట్టిలో కలిసినప్పుడే వరి వేరుకు అందుతుంది. కాబట్టి మొదటి పంటలో మడి పచ్చగా కనిపించిందని అలాగే తేలనివ్వకుండా, నీళ్ళు తీసి కాళ్ళతోనో వీడర్‌తోనో మట్టిలోకి తొక్కి ఉండవలసింది.

నవంబరు, డిసెంబరు నెలల్లో మన రాత్రుల చల్లదనం అజొల్లాకు నచ్చుతుంది. ఎడగారు నాట్ల నాటికి మడిలో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అది ఎర్రబడడం ఎండ దెబ్బకు గుర్తు. చలికాలంలో కూడా ఎర్రబడితే భాస్వరం చాలలేదని అర్థం. ఎడగారుకు దానికన్నా, నీళ్ళు వదలడానికి ముందు దొరికే వ్యవధిలో జీలుగ గాని పిల్లిపెసర గాని చల్లి, పూతకు ముందు కలియదున్నడమే మేలని నా సలహా. వరి మడిలోని నాచు తనంతట తాను కూడా నత్రజనిని చేరుస్తుందని 1939లోనే మన దేశ శాస్త్రవేత్త పి.కె. డే చూపించారు, నెల్లూరు మడుల్లో ఏటా పంట తీస్తున్నా నేల పూర్తిగా వట్టిపోకపోవడంలో దాని పాత్ర కొంత ఉంది.

అజోస్పైరిల్లం వరి వేరు మీద, కొంతవరకు లోపల ఉంటుంది గాని బుడిపె కట్టదు, మొక్కతో అంత గట్టి ఒప్పందం కూడా ఉండదు. వేరు బాగా విస్తరించడానికి అది సాయపడుతుంది. దాన్ని నమ్ముకుని యూరియా పూర్తిగా మానేస్తే దిగుబడి పడిపోతుంది.

ప్రశ్న: డిగ్రీ విద్యార్థిని. పుస్తకంలో ‘సహజీవనం’ అని ఉంది. ఈ విషయాన్ని మొదట కనుగొన్నది ఎవరు? రైజోబియం పాతదా, మైకోరైజా పాతదా?
(కావలి)

జవాబు: ఈ మధ్య వార్తాపత్రికలు ఆ మాటను వేరే సందర్భంలో వాడి మీ తరగతి గదిలో నవ్వులు పూయిస్తున్నాయని ఊహించగలను. శాస్త్రంలో ఆ అర్థానికి మూలమైన సింబయాసిస్ అనే పదాన్ని వేరు వేరు జాతుల జీవులు కలిసి బతకడం అన్న అర్థంలో జర్మన్ శాస్త్రవేత్త డి బారీ 1879లో వివరించారు. ఆ కలయిక మేలే చేయాలన్న షరతు ఆయన పెట్టలేదు. మైకోరైజా అనే పేరు 1885లో మరో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ పెట్టినది. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును సాగు చేసే మార్గం కనిపెట్టమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది, సాగు మార్గం దొరకలేదు గాని చెట్ల వేళ్ళను చుట్టుకున్న బూజు దొరికింది. పప్పుజాతి బుడిపెలే గాలి నత్రజనిని పడుతున్నాయని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ ప్రకటించారు, వాటిలోని బాక్టీరియాను 1888లో బైయరింక్ వేరుచేశారు.

వయసులో మైకోరైజాదే పెద్దరికం. స్కాట్లండ్‌లోని రైనీ అనే చోట దొరికిన, సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి మొక్కల శిలాజాల్లో ఈ బూజు కణాల లోపల కొమ్మలు వేసి కనిపిస్తుంది. నిజమైన వేళ్ళు కూడా లేని మొక్కలవి. పప్పుజాతి చాలా తరువాత వచ్చింది. బూజును లోపలికి రానివ్వడానికి మొక్కల్లో అప్పటికే ఉన్న జన్యువుల్లో కొన్నింటినే బాక్టీరియాను రానివ్వడానికి కూడా వాడుకుంది. పరీక్షలో ఈ వాక్యం రాస్తే మార్కులు వస్తాయో లేదో నేను చెప్పలేను.

ప్రశ్న: మిద్దెతోటలో కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన సంచుల్లో చిక్కుడు, అలసంద వేశాను. తీగ బాగా సాగింది గాని వేళ్ళకు బుడిపెలు ఒక్కటీ లేవు. వారానికోసారి జీవామృతం కూడా పోస్తున్నాను.
(ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: కొబ్బరి పొట్టులో రైజోబియం ఎక్కడి నుంచి వస్తుందమ్మా? జీవామృతంలో సూక్ష్మజీవులు చాలానే ఉంటాయి గాని, అందులో మీరు కలిపే గుప్పెడు మట్టి అలసంద, మినుము వంటి పైరు పండిన చోటిది కాకపోతే మీకు కావలసిన బాక్టీరియా దానిలో ఉంటుందన్న నమ్మకం లేదు. మిశ్రమంలో వర్మీకంపోస్టు ఎక్కువైతే అందులోని నత్రజని కూడా బుడిపెలను ఆపుతుంది. మీ తీగ బాగా సాగిందంటే అదే జరిగి ఉండవచ్చు. పల్లెలో బంధువులు ఎవరైనా ఉంటే అలసంద గాని పెసర గాని కోసిన చేలో, మోళ్ళ దగ్గర, నాలుగు వేళ్ళ లోతు మట్టి ఒక డబ్బాడు తెప్పించి, ఎండ తగలనివ్వకుండా తెచ్చి, వచ్చే విత్తనం వేసేటప్పుడు గింజ కింద రెండు చెంచాలు వేయండి. నెల రోజులకు ఒక సంచి పక్కన చీల్చి, వేరు కడిగి చూసి నాకు రాయండి.